విశ్వాసమ్మ చెప్పింది, నేను రాసింది

బేతంచెర్లలో నాకంటే మంచి దస్తూరి ఉన్నవాడు లేడు. ఈ మాట నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు. పేరు వసంతకుమార్. మహబూబ్ బాషా గారి బండల పాలిష్ ఫ్యాక్టరీలో గుమాస్తాని, మా చర్చికి సెక్రటరీని. వయసు యాభై ఒకటి. షుగరుంది, కోపముంది, ఈ రెండూ తగ్గించుకుంటానని ప్రతి జనవరిలో రాసుకునే అలవాటూ ఉంది.

రాసుకోవడం అంటే మా చర్చిలో ఒక ఆనవాయితీ. జనవరి ఒకటో తేదీ పొద్దున ఆరాధన అయ్యాక, ఆ సంవత్సరం ఏం చేయదలచుకున్నారో ప్రతి ఒక్కరూ ఒక చీటీ మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, పైన పేరు రాసి చెక్కపెట్టెలో వేస్తారు. రెండో ఆదివారం పెట్టెకు తాళం పడుతుంది. మళ్లీ జనవరి ఒకటిన తాళం తీసి, ఎవరి కవరు వాళ్లకు ఇచ్చేస్తారు. మా పెద్దవాళ్లలో సగం మంది గనుల్లో రాళ్లు మోసి పెరిగినవాళ్లు, రాయడం రాదు. వాళ్ల చీటీలు పదకొండేళ్లుగా నేనే రాస్తున్నాను. చర్చి గుమ్మం పక్కన బల్ల వేసుకుని దర్జాగా కూర్చుంటాను. ఒక్కొక్కరే వచ్చి చెవిలో చెబుతారు. రాసి, అంటించి, పెట్టెలో వేస్తాను. ఏడాది తర్వాత తిరిగొచ్చిన కవరు వాళ్లు చింపరు, చింపినా చదవలేరు. ట్రంకుపెట్టెలో బట్టల అడుగున దాచుకుంటారు. పదకొండేళ్లు నేను బతికిపోయింది అందుకే.

ఎందుకంటే వాళ్లు చెప్పింది చెప్పినట్టు నేను ఒక్కనాడూ రాయలేదు.

అబద్ధం రాశానని కాదు. కాస్త పెంచాను. ఆ పాపంలో సగం కడపలో జరిగిన ఒక శిక్షణ తరగతిది. చాలా ఏళ్ల కిందట ఫీజు కట్టి మరీ వెళ్లాను. ఎండాకాలంలో కోటు వేసుకున్న ఒకాయన స్టేజీ మీద అటూ ఇటూ పరుగెత్తుతూ, చిన్న లక్ష్యం పెట్టుకున్నవాడి జీవితం చిన్నదిగానే మిగిలిపోతుందని అరిచాడు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆయన బోధ నా విషయంలో పనిచేయలేదు కానీ, నా చేతికి చిక్కిన జనం మీద మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. వాళ్లు వచ్చి చిన్న చిన్న కోరికలు చెబుతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఏసేపు వచ్చి "బాత్రూముకు తలుపు పెట్టించాలప్పా" అంటాడు. సంవత్సరం మొత్తానికి, దేవుడి ఎదుట పెట్టే మాట, బాత్రూము తలుపా! పాపం అనిపించి, "నా గృహమును ప్రార్థనా మందిరముగా కట్టుకొందును" అని రాసేవాణ్ని.

ఈ ఏడు పాస్టరు మారాడు. హెన్రీ అని కుర్రాడు, ముప్పై కూడా ఉండవు. జనవరి ఒకటిన పెట్టె తెరిచి, నవ్వుతూ ఒక కొత్త ఆలోచన చెప్పాడు. ఇష్టమున్నవాళ్లు తమ చీటీ ఇస్తే తను పైకి చదువుతాడట, నెరవేరితే సాక్ష్యం చెప్పొచ్చట. చదువు రానివాళ్లందరికీ పండగే అయింది. ఏడాదికొకసారైనా తమ మాట తమ చెవిన పడుతుందని ముందు వాళ్లే కవర్లు పట్టుకుని లేచారు. నా వీపున చెమట పట్టింది. జనవరిలో.

మొదట మారెన్న ఇచ్చాడు. పాస్టరు గొంతు సవరించుకుని చదివాడు: "ధూమపానమను శత్రువును సమూలముగా పెకలించి, మా వీధిలోని యవ్వనస్థులందరిని ఆ బానిసత్వమునుండి విడిపింతును."

"నెరవేరిందా అన్నా?" అన్నాడు.

మారెన్న అయోమయంగా చూశాడు. "అయ్యా, నేను చెప్పింది పొద్దున లేస్తానే తాగే బీడీ ఒకటి మానేస్తానని. అదొకటే. మానేసినా గూడా. ఏడాదంతా ఒక్కనాడు ముట్టలే." అని, మళ్లీ, "వీధిలో పిలగాండ్లను నేనేం చేయలే" అంటూ తప్పు చేసినవాడిలా కూర్చున్నాడు. ఏడాది పాటు మాట నిలబెట్టుకున్న మనిషి. చప్పట్లు కొట్టించుకోవాల్సినవాడు. తల దించుకుని కూర్చున్నాడు.

ఏసేపు తలుపు పెట్టించాడట. అది ప్రార్థనా మందిరం కిందికి వస్తుందా అని పాస్టరును నిజాయితీగా అడిగాడు. వెనక వరసలో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

తర్వాత విశ్వాసమ్మ లేచింది. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్లు గనుల్లో బండలు మోసింది. కూతురు పోతే, ఆ కూతురి కూతురు ప్రేమజ్యోతిని పెంచి పెద్దచేసింది. ఆ పిల్లకు మైదుకూరు సంబంధం కుదిరింది, తొమ్మిదో తేదీ పెళ్లి. విశ్వాసమ్మ కవరు ఇస్తూ, ఎందుకో నా వైపు చూసింది. పాస్టరు చదివాడు: "పరిశుద్ధ గ్రంథమును ఆదికాండము మొదలుకొని ప్రకటన గ్రంథము వరకు మూడు పర్యాయములు చదివి ముగించి, వాక్యమందు వేరుపారి ఎదుగుదును."

చర్చి ఘొల్లుమంది. అక్షరం ముక్క రాని మనిషి మూడు పర్యాయాలట!

ఆమె నవ్వలేదు. "అది నాది కాదయ్యా. ఎవురిదో మారినట్లుండాది" అంది.

"పైన మీ పేరే ఉందమ్మా."

"నేను చెప్పింది నా పేరు రాసేది నేర్చుకోవాలని. ఈ వసంతన్నకే చెప్పినా. నువ్వే నేర్పియ్యాల నాయనా అంటే, తప్పకుండా పెద్దమ్మా అన్యాడు."

తలలన్నీ నా వైపు తిరిగాయి. నాకు ఆ మాట అన్నది లీలగా గుర్తొచ్చింది. ఎవరేం చెప్పినా తప్పకుండా అనడం నాకు దగ్గడం లాంటిది. అంతటితో అయిందా? పాస్టరు నా కవరు కూడా అడిగాడు. ఇవ్వనంటే ఇంకా సిగ్గు. నా చీటీలో తొమ్మిది అంశాలున్నాయి. రోజూ ఐదు కిలోమీటర్ల నడక, హార్మోనియం, ఇంగ్లీషు, ఇలా. ఎనిమిదో అంశం "కోపమును జయింతును". ఎన్ని నెరవేరాయని అడిగితే, నడక మొదలుపెట్టానని చెప్పాను. జనవరి మూడో తేదీ వరకు నడిచాను కూడా.

ఇంటికొచ్చి రెజీనా మీద విరుచుకుపడ్డాను. రెజీనా నా భార్య, అంగన్వాడీ టీచరు. ఆమె తప్పేమీ లేదు, ఎదురుగా ఉంది కాబట్టి. "విశ్వాసం లేని జనం! చిన్నచిన్న ఆశలు పట్టుకుని ఏడుస్తుంటే, నేను పైకి లేపితే, నా మీదే నవ్వుతారా!" అని అరిచాను.

ఆమె చేటలో బియ్యం చెరుగుతూ ఉంది, ఆపలేదు. "నా చీటీ గూడా నువ్వే రాస్తివి గదా, నా రాత బాగలేదని. నేనేం చెప్పినా నీకు?"

"ఆదర్శ గృహిణిగా..."

"మిక్సీ కొనాలని చెప్పినా."

నేను చొక్కా వేసుకుని బయటికొచ్చాను.

విశ్వాసమ్మ ఇంటికి ఎందుకు వెళ్లానో నిజం చెబుతాను. క్షమాపణకు కాదు. అందరి ముందూ అలా నా పరువు తీయడం పద్ధతి కాదని మర్యాదగా చెప్పి రావడానికి. వాకిట్లో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. పక్కన కొయ్యకు ఒక గుడ్డసంచి వేలాడుతోంది. ఆ సంచిని నేను ఎరుగుదును. ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం అది ఆమె చంకలో చూశాను. ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఆమె గుమ్మం దగ్గర నిలబడేది. కొళాయి బాగుచేయించమనో, ఇంకేదో అర్జీ పెట్టమనో అడుగుతుందనుకుని, ఆమె నోరు తెరవకముందే "వచ్చే వారం చూద్దాం పెద్దమ్మా" అని స్కూటరెక్కేవాణ్ని.

"దాంట్లో ఏముంది?" అని అడిగాను.

తీసి చూపించింది. పలక. దారం కట్టిన బలపం. పలక అంచు కాగితం కూడా చిరగలేదు, కొన్ననాటిలాగే ఉంది.

"యాభై రెండు వారాలు తెచ్చినావా?"

"రెండు వారాలు జరమొచ్చింది" అంది.

నాకు మర్యాదగా చెప్పాల్సిన మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. "అడగచ్చు కదా పెద్దమ్మా! గట్టిగా పట్టుకుని అడగచ్చు కదా!" అని ఆమె మీదే కేకలేశాను.

"రాసి దేవుని ముందర పెట్టినావు గదప్పా. నీకు గుర్తుంటాదిలే, నీకెప్పుడు కుదిరితే అప్పుడు పిలుస్తావులే అనుకున్యా."

"ప్రేమజ్యోతి నేర్పేది కదా, ఇంటర్ చదివింది."

"దానికి తెలియగూడదు." కందికాయల చేట పక్కన పెట్టి, తన కుడి బొటనవేలు నా ముఖం ముందు పెట్టింది. "చూడు. ఏమన్నా గీతలుండాయా?"

లేవు. బండలు మోసి మోసి, అరిగి, నున్నగా ఉంది ఆ వేలు.

"నా పాప పెండ్లిలో చర్చి రిజిస్టర్లో సాక్షికని వేలు పెట్టినా. వేలిముద్ర యాడ పడింది? ఒట్టి నల్ల మచ్చ పడింది. సిరా తెల్ల చీరకంటింది. ఇప్పుడు నా పాప లేదు. ఆ పుస్తకంలో దాని పేరు పక్కన నా మచ్చ ఉండాది. అది నాదని ఎవురికి తెలుస్తాది చెప్పు? ప్రేమజ్యోతి పక్కనన్నా నా పేరు ఉండాల. అంతే నేను అడిగింది."

పెళ్లికి ఎనిమిది రోజులుంది. ఏడాది నా చేతిలో పెడితే నేను ఎనిమిది రోజులు మిగిల్చాను.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం వేళ ఆమె మా ఫ్యాక్టరీకి వచ్చేది, పిల్లకు అనుమానం రాకుండా. పలక మీద మొదలుపెడితే ముందుకు సాగలేదు. ఆ చేయి పెద్ద పెద్ద బండలు పట్టిన చేయి, బలపం పట్టగానే విరిచేసేది. రెండో రోజుకు బలపాలు అయిపోయాయి. షెడ్డు వెనక కొసలు విరిగిన నల్లటి కడప బండ ఒకటి గోడకు ఆనించి ఉంది. దాని మీద సుద్దముక్కతో జానెడంత పెద్ద "వి" రాసి, దాని మీదనే దిద్దమన్నాను. దిద్దింది. భుజం నుంచి చేయి మొత్తం తిప్పి దిద్దింది. బండ అంటే ఆమెకు భయం లేదు.

మహబూబ్ బాషా గారు అటుగా వచ్చి చూశారు. "ఏమి వసంతకుమార్, ఇస్కూలు పెట్టినావా?" అన్నారు. సంగతి చెప్పాను. నేను నేర్పడం లేటయిందని చెప్పాను, ఎంత లేటో చెప్పలేదు. ఆయన విశ్వాసమ్మతో, "ఆ బండ ఎవరూ కొనేది లేదమ్మా, నీదే అనుకో. ఈ మనిషి కోపిష్టి, జాగ్రత్త" అని వెళ్లిపోయారు.

ఆయన అన్నట్టే మూడో రోజు నేను బరస్టయ్యాను. "శ్వా" దగ్గర. ఒత్తు కింద పెట్టాలంటే ఆమె పక్కన పెడుతుంది, దీర్ఘం మర్చిపోతుంది. నాలుగుసార్లు ఓపిక పట్టి, ఐదోసారి, "ఎన్నిసార్లు చెప్పాల నీకు! బుర్రలో ఏముంది, బండా?" అని అరిచాను. పాలిష్ మిషను దగ్గర పనివాళ్లు తిరిగి చూశారు.

ఆమె సుద్ద కింద పెట్టి, చేతులు దులుపుకుంది. "కోపాన్ని గెలుస్తానని నువ్వు రాసుకున్యావంట గదా. ఎనిమిదోది. పాస్టరయ్య చదివినాడు."

నేనే వంగి సుద్ద తీసి ఆమె చేతిలో పెట్టాను. కాసేపయ్యాక నాకు ఒక తెలివైన ఉపాయం తోచింది. "పెద్దమ్మా, టైము లేదు. ఒక పని చేద్దాం. ఒట్టి 'వి' రాసి పక్కన చుక్క పెడితే సంతకం కింద చెల్లుతుంది. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా అట్లే పెడతారు."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఊర్లో అందరివీ పెంచితివి. నాకొచ్చేసరికి తుంచుతాండావా? నాకు పెద్దది వద్దు, చిన్నది వద్దు. నా పేరు ఎంతుంటే అంత నేర్పియ్యి."

నేర్పాను. రోజూ అక్షరాల సైజు తగ్గించుకుంటూ వచ్చాం. జానెడు నుంచి బెత్తెడు, బెత్తెడు నుంచి రెండు వేళ్లు. ఆరో రోజుకు పలక మీదికి, ఏడో రోజుకు గీతల నోటుబుక్కులోకి, బాల్ పెన్నుతో. పాస్టరును బతిమాలి రిజిస్టరులో సాక్షుల గడి ఎంత ఉందో స్కేలు పెట్టి కొలుచుకొచ్చాను. అంతే గడి నోటుబుక్కులో గీసిచ్చాను. గడి దాటకుండా పట్టించడానికి ఆమె పట్టిన తిప్పలు చూస్తే, నేను జీవితంలో దేనికీ అంత కష్టపడలేదని తెలిసిపోయింది. ఎనిమిదో తేదీ మధ్యాహ్నం పదిసార్లు రాస్తే ఆరుసార్లు సరిగ్గా వచ్చింది. "మిగతా నాలుగు?" అంది. "ప్రార్థన చేసుకో" అన్నాను. సెక్రటరీని కదా.

తొమ్మిదో తేదీ పెళ్లి. ప్రమాణాలు అయ్యాయి, ఉంగరాలు మార్చుకున్నారు. పాస్టరు బల్ల మీద రిజిస్టరు తెరిచాడు. పెళ్లికొడుకు, ప్రేమజ్యోతి సంతకాలు చేశారు. మైదుకూరు వాళ్ల తరపు సాక్షి చేశాడు. అమ్మాయి తరపు సాక్షి అని పిలవగానే విశ్వాసమ్మ లేచి వచ్చింది, తెల్లచీరలో. ఎవరో అలవాటు కొద్దీ సిరా డబ్బా మూత తీసి ఆమె ముందుకు జరిపారు. ఆమె దాన్ని వెనక్కి జరిపింది.

"పెన్ను ఇయ్యి నాయనా" అంది నాతో.

ప్రేమజ్యోతి "అవ్వా?" అంది. అవ్వ వంగి, ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా పెట్టి మొదలుపెట్టింది. వి. తర్వాత శ్వా దగ్గర ఆగింది. బయట బిర్యానీ డేగిషాల మూతలు తీసిన వాసన లోపలికి వస్తోంది, మైదుకూరు వాళ్లు కదులుతున్నారు. దీర్ఘం పడింది. ఒత్తు పడలేదు.

నా చేయి తన్నుకులాడింది. నిజంగా. పక్కనే నిలబడి ఉన్నాను, నా జేబులో ఇంకో పెన్నుంది, చిన్న ఒత్తు ఒక్కటి నేను తగిలిస్తే ఎవరికీ తెలియదు. పదకొండేళ్లుగా నేను చేసింది అదే కదా. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. ప్రభువా, ఈ ఒక్కసారికి నన్నేమీ రాయనివ్వకు అనుకున్నాను. నా జన్మలో చేసిన అతి చిన్న ప్రార్థన అదే.

ఆమె స రాసింది, మ రాసింది. పాస్టరు "చాలమ్మా, బాగుంది" అన్నాడు.

"ఇంగా ఉండాది" అంది. మ కింద ఒత్తు పెట్టింది. తర్వాత మెల్లగా వెనక్కి వెళ్లి, మర్చిపోయిన ఒత్తును శ కింద పెట్టింది. పెన్ను మూత పెట్టి, నడుం మీద చేయి వేసుకుని నిటారుగా నిలబడింది.

ప్రేమజ్యోతి ఆ పుస్తకంలోకి చూసి, అవ్వ మెడ చుట్టూ చేతులు వేసి, పెళ్లి ముసుగు చెదిరిపోతున్నా పట్టించుకోకుండా ఏడ్చింది. మా మారెన్న గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఈసారి అందరూ కొట్టారు. నేను కళ్లు తుడుచుకున్నాను, దుమ్ము పడిందని రెజీనాకు చెప్పాను. ఆమె నమ్మలేదు.

చివరగా సంఘ సెక్రటరీగా నేను సంతకం పెట్టాలి. ఆమె పేరు కింది గడిలో నా మామూలు సంతకం గిలికాను. పద్దెనిమిదేళ్ల వయసులో రోజుల తరబడి సాధన చేసి తయారుచేసుకున్న సంతకం అది. మూడు మెలికలు, ఒక సున్నా, కింద రెండు గీతలు. విశ్వాసమ్మ తల పక్కకు వంచి దాన్ని కాసేపు చూసింది. తన పేరు మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. తర్వాత నా సంతకం మీద వేలు పెట్టింది. వేలు ఎక్కడ ఆపాలో ఆమెకు తెలియలేదు.

"ఇదేందప్పా? ఒక్క అక్షరం కానరాదే! ఇది నీదని ఎవురికి తెలుస్తాది?" అంది. అడిగింది నిజంగానే, ఎగతాళికి కాదు. "ఆదివారం పలక తెచ్చుకో. నేను కూసోబెట్టి నేర్పిస్తా."

రెండో ఆదివారం పెట్టెకు తాళం వేసే ముందు, ఈ ఏడు నా చీటీ రాశాను. ఒక్కటే లైను: "పేరు తెలిసేటట్లు రాసేది నేర్చుకోవాల." పెద్దమ్మ గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది, చెప్పింది చెప్పినట్టే రాశాను.